తాళమును ధర్మమును

ఇంటికి తాళము వేసికొనుట ధర్మమా యని యెవరును ప్రశ్నింపరు. తన సొత్తును తాను కాపాడుకొనుటకు ప్రతివానికిని హక్కు కలదు. కాని యొక వస్తువును వెల పుచ్చుకొని యితరునకు అమ్మిన పిమ్మట, దానితో బాటు ఒక తాళమును గూడ వాని యింటికి పంపి, అది యెప్పుడు తెఱచుకొనవలయునో, యెప్పుడు మూసికొనవలయునో అమ్మినవారే నిర్ణయించుచుండుట న్యాయమా? ఇది వేఱు ప్రశ్న. కంప్యూటరు ఆటల నిర్మాతలు దొంగప్రతులను అరికట్టుటకై తమ యాటలలో నమర్చు రక్షణ యంత్రాంగములు ఈ ప్రశ్నను నేడు మన యిండ్లలోనికి తెచ్చినవి. ఆటలనగానే యిది పిల్లల గొడవయని చదువరులు త్రోసివేయరాదు. బలవంతముచేత మనుష్యుని సత్ప్రవర్తనకు తేవచ్చునా, దొంగను పట్టుటకై దొరను బంధింపవచ్చునా యను పాతప్రశ్నయే యిచట క్రొత్తవేషము ధరించినది.

ముందుగా, ప్రతి తీసికొనుట దొంగతనమగునా యను సంగతి తేల్చుకొనవలయును. గాదెలోని ధాన్యమును దొంగ యెత్తుకొని పోయినచో రైతునకు గాదె వట్టిదగును. ఆటకు ప్రతి తీసినచో మూలము గింజంతయైనను తఱుగదు. ఒక దీపముతో వేఱొక దీపమును వెలిగించుకొన్న మొదటి దీపమున కేమి లోటు అని ప్రతులు తీయువారు వాదింతురు. వినుటకు ఈ వాదము సొంపుగనే యున్నది. కాని దీపమున నూనె పోసినవా డొకడు కలడని వారు తలంపరు. ఒక పెద్ద యాటను నిర్మించుటకు వందలకొలది చిత్రకారులు, సంగీతజ్ఞులు, కథకులు, ప్రోగ్రాములు వ్రాయువారు ఏండ్లతరబడి శ్రమింతురు. వా రమ్మునది డిస్కును గాదు, ఆ శ్రమను. దొంగతనమను పేరు నచ్చనివారు దీనిని కూలి యెగవేత యని పిలువవచ్చును; పేరు మాఱినంత మాత్రమున దోషము పోదు.

ఈ ఫిర్యాదు క్రొత్తది కాదు. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్సు, తాము వ్రాసిన బేసిక్ ప్రోగ్రామునకు పలువురు వెల యీయకయే ప్రతులు తీసికొనుచున్నారని కంప్యూటరు ప్రియులకు బహిరంగలేఖ వ్రాసెను. ఆటల నిర్మాతలు లేఖలతో తృప్తి పడక తాళములను కనిపెట్టిరి. మొదటి తాళములు చూడ ముచ్చటగా నుండెడివి. ఆటతో నిచ్చిన పుస్తకమున ఫలానా పుటలో ఫలానా మాట యేదియని ప్రారంభమున నడిగెడివారు. 1985లో 'ఎలైట్' అను నాట స్పెక్ట్రమ్ కంప్యూటరునకు వెలువడినప్పుడు, తెరపై చెదరగొట్టి చూపిన యక్షరములను కూర్చి చదువుటకై లెన్స్‌లాక్ అను ప్లాస్టిక్ కటకమును పెట్టెలో నుంచిరి. కొన్ని పెట్టెలలో వేఱొక యాట కటకము పడుటచే, వెల యిచ్చి కొన్నవారే ఆటను తెఱవలేకపోయిరి. 1990లో వచ్చిన 'మంకీ ఐలెండ్' ఆటతో సముద్రపు దొంగల ముఖములు గల యట్టచక్రము నిచ్చిరి. ముఖము కుదురునట్లు దానిని త్రిప్పిన సంకేతము దొరకును. కాగితమును నకలు తీయు యంత్రము గలవానికి ఆ చక్రము గొప్ప యడ్డు కాలేదు.

తాళములు ఎంత మాఱినను నిలువకపోవుటకు కారణ మున్నది. ఇంటి తాళమునకును ఆట తాళమునకును రెండు భేదములు కలవు. ఇంటి తాళము ఎవనిని ఆపవలయునో వాడు బయట నుండును. ఆట కొన్నవాడు లోపలివాడే. ఆట నడువవలయునన్న దాని రహస్యలిపి యంతయు కొన్నవాని కంప్యూటరులోనే విడివడి తీరవలయును. అనగా పెట్టెయు, తాళమును, తాళపుచెవియు ఒక్క యింటనే యుండును. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని మన సామెత. ఇక రెండవ భేదము. ఒక యింటి తాళము పగిలిన ఆ యిల్లొక్కటే దోపిడియగును. ఆట తాళమును ప్రపంచమున నొక్కడు పగులగొట్టిన చాలును. ఆ ప్రతి ఇంటర్నెట్టు ద్వారా లక్షలమందికి చేరును. వారిలో నెవ్వరికిని తాళము తీయు నేర్పుతో పనిలేదు.

ఇట్లు దొంగ తాళము లేని ప్రతితో ఆడుకొనుచుండగా, తాళపు భారమంతయు వెల యిచ్చినవానిపై బడును. 2008 సెప్టెంబరులో 'స్పోర్' అను నాట వెలువడెను. కొన్నవాడు మూడు పర్యాయములకు మించి దానిని అమర్చుకొనరాదని సెక్యూరామ్ అను తాళము నిర్బంధించెను. అమ్మకమునకు రాకమున్నే తాళము తీసిన ప్రతి లోకమున వ్యాపించెను. కొన్నవారు మాత్రము మొఱపెట్టుకొని యా మూడును అయిదు చేయించుకొనవలసి వచ్చెను. 2010లో యూబీసాఫ్ట్ సంస్థ, తన క్రొత్త యాటలను ఆడునంతసేపు ఇంటర్నెట్టు ద్వారా తన సర్వరుతో సంబంధము తెగరాదని నియమము పెట్టెను. ఆ సంవత్సరము మార్చిలో సర్వర్లపై దాడి జరుగగా, 'అసాసిన్స్ క్రీడ్' రెండవ భాగమును కొన్నవారిలో పలువురు ఆడలేక చేతులు ముడుచుకొని కూర్చుండిరి. 2021లో 'రెసిడెంట్ ఈవిల్ విలేజ్' అను నాటకు కొన్న ప్రతికంటె తాళము తీసిన ప్రతియే సాఫీగా నడచుచున్నదని పరీక్షించినవారు చూపగా, నిర్మాతలు సవరణ విడుదల చేసిరి. కంచె చేను మేయుట యనగా నిదియే.

అట్లని తాళము బొత్తిగా నిష్ప్రయోజనమనుట సత్యము కాదు. ఆస్ట్రియాలో పుట్టిన డెనూవో అను తాళము 2014 నుండి వాడుకలో నున్నది. 2017 జనవరిలో వెలువడిన 'రెసిడెంట్ ఈవిల్' ఏడవ భాగమున అది అయిదు దినములకే పగిలెను. కాని మఱికొన్ని యాటలలో నెలలకొలది నిలిచెను. 2024లో ప్రచురింపబడిన యొక యార్థికశాస్త్ర పరిశోధన, డెనూవో గల 86 ఆటలను పరిశీలించి, విడుదలయైన తొలివారముననే తాళము పగిలినచో రాబడిలో సుమారు 20 శాతము నష్టమగుననియు, 12 వారములు గడచిన పిదప పగిలినచో నష్టము లేనట్లేయనియు తేల్చెను.

ఈ యంకెలను ఇరుపక్షములవారును ఓర్పుతో చదువవలయును. "ఎట్లును కొనెడివారము కాము, మేము ప్రతి తీసికొన్న మీకేమి నష్టము?" అనువారికి ఐదవవంతు రాబడియే జవాబు చెప్పుచున్నది. "తాళము ఎల్లకాలము నుండవలసినదే" యను నిర్మాతలకు మూడుమాసముల గడువు జవాబు చెప్పుచున్నది. 2016 మే నెలలో వెలువడిన 'డూమ్' ఆటనుండి దాని నిర్మాతలు ఆ డిసెంబరుననే డెనూవోను తొలగించిరి. కాపలా కాయవలసిన కాలము గడచిన పిదప కావలివానిని పంపివేయుట వివేకమే కదా!

తాళము బొత్తిగా లేకున్న నేమగును? పోలండు దేశపు అనుభవము ఇచట గమనింపదగినది. వార్సా నగరపు సంతలలో ఒకప్పుడు దొంగప్రతులు బహిరంగముగ నమ్ముడుపోయెడివి. 1994లో స్థాపింపబడిన సీడీ ప్రొజెక్ట్ సంస్థ, 1999లో 'బాల్డర్స్ గేట్' అను నాటను పోలిష్ భాషలోనికి మార్పించి, పేరుగన్న నటులచే మాటలు పలికించి, పటమును పుస్తకమును చేర్చి పెద్ద పెట్టెలో నమ్మెను. దొంగ యీయలేని దానిని వారిచ్చిరి, జనులు కొనిరి. ఆ సంస్థయే 2008లో తాళములేని యాటల నమ్ము గాగ్ అను నంగడిని తెఱచెను. 2015లో తన 'విచర్' మూడవ భాగమును ఆ యంగడిలో తాళము లేకయే విడిచెను. ఆ యాట 2023 నాటికి అన్నివిధముల యంత్రములకును గలిపి 5 కోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయెను.

అయినను విశ్వాసముంచిన మాత్రమున లోకము మంచిదగునని భ్రమపడరాదు. అన్నదమ్ము లిద్దఱు స్థాపించిన గ్రీన్‌హార్ట్ గేమ్స్ అను చిన్న సంస్థ 2013 ఏప్రిలులో 'గేమ్ డెవ్ టైకూన్' అను నాటను తాళము లేకయే స్వల్పమైన వెలకు అమ్మెను. ఆటలు తయారుచేయు వ్యాపారమే యా యాటకు ఇతివృత్తము. నిర్మాతలు తామే కొంచెము మార్చిన యొక ప్రతిని దొంగప్రతివలె ఇంటర్నెట్టున వదలిరి. ఆ ప్రతిలో ఆడువాని సంస్థ దొంగప్రతుల మూలమున దివాలా తీయును. మొదటి దినమున కొన్న ప్రతిని ఆడినవారు 214 మంది. దొంగప్రతిని ఆడినవారు 3,104 మంది. వారిలో కొందఱు, ఆటలో తమ సంస్థ దొంగప్రతులచే నష్టపోవుచున్నదనియు, తాళము కనిపెట్టు మార్గము లేదా యనియు బహిరంగముగ నడిగిరి! తన సొత్తు పోవునప్పుడు గాని మనుష్యునకు పరుని సొత్తు సొత్తుగా తోపదు.

తాళమువలన మఱియొక పెద్దకీడు కలదు. అది కృతి నశించుట. 2014లో యూబీసాఫ్ట్ అమ్మిన 'ది క్రూ' అను నాట సర్వరు లేనిదే నడువదు. 2024 మార్చి 31న సర్వరును మూసివేయగా, వెల యిచ్చినవారి చేతిలోని డిస్కు పనికిరానిదయ్యెను. ఇట్టి పనులు మానవలయునని ఐరోపాలో నడచిన విన్నపముపై 2025 జులై నాటికి 10 లక్షలకు మించి సంతకములు పడినవి. కాలిఫోర్నియా రాష్ట్రమున 2025 జనవరి 1న అమలులోనికి వచ్చిన చట్టము, ఇట్టి సరకును అమ్మువారు తా మిచ్చునది స్వామ్యము కాదు, అనుమతి మాత్రమేయని ముందుగనే తెలుపవలయునని విధించెను.

ఇచట మన ప్రాచీనగ్రంథములను జ్ఞప్తికి తెచ్చుకొనవలయును. తాటాకు పురుగులపాలగును. అయినను కావ్యములు మిగిలినవి. తరతరమునను ఎవరో యొకరు ప్రతి వ్రాసికొనిరి కనుక. పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌను దొర పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయింపకున్నచో ఎన్ని గ్రంథములు మనకు దక్కకపోయెడివో! కర్త జీవనము జరుగవలసిన కాలమున ప్రతి తీయుట వానికి కీడు. ఆ కాలము గడచిన పిదప ప్రతియే కృతిని బ్రదికించును. ఈ రెండు కాలములను వేఱుపఱుపలేని తాళము న్యాయమైనది కాజాలదు.

కాబట్టి మా యభిప్రాయ మిది. నిర్మాత తన యాటకు తాళము వేయవచ్చును. కాని దాని సంగతి అమ్మకమునకు ముందే స్పష్టముగ చెప్పవలయును. కొన్ని మాసములకు తానే తీసివేయవలయును. సర్వరును మూయుదినము వచ్చినచో కొన్నవారి చేతిలో ఆట నడచునట్లు చేసి పోవలయును. కొనువానికిని ధర్మము కలదు. తాళము చెడ్డదైనంత మాత్రమున ఎగవేత మంచిది కాదు. వెల యెక్కువయని తోచినచో తగ్గువఱకు వేచియుండవచ్చును. తాళము నచ్చనిచో ఆ యాటను మానివేయవచ్చును. ఆట యన్నము కాదు, ఔషధము కాదు. లేకున్న ప్రాణమునకు ముప్పు రాదు.

పరీక్షలో ప్రక్కవాని కాగితమును చూచి వ్రాసిన పిల్లవానిని మేము పాఠశాలలో మందలింతుము. తండ్రియే దొంగప్రతిని తెచ్చి యిచ్చి, సొమ్ము మిగిలినదని మురియు నింటిలో ఆ మందలింపు ఎంతసేపు నిలుచును? ప్రక్కవాని కాగితమునుండి వ్రాసికొన్న వానికేమి తఱిగెనని పిల్లవా డడిగిన, ఆ తండ్రి యేమి చెప్పగలడు? తగిన వెల చెల్లించి తెచ్చిన యొక యాటను, అది ఎవరి శ్రమయో చెప్పి యిచ్చిన తండ్రికి ఆ యిబ్బంది లేదు. నిర్మాతలు క్రొత్త తాళములు కనిపెట్టుచునే యుందురు, వానిని పగులగొట్టువారును ఉందురు. ఈ పాఠమును మాత్రము ఇంటివారే చెప్పవలయును.