దోషము ఎవరిది?



యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయమును మనలో అనేకులు ఎరుగుదురు. పుట్టు గ్రుడ్డివానిని చూచినప్పుడు శిష్యులకు కలిగిన మొదటి ఆలోచన వానికి ఏమి చేయవలెనని కాదు. పాపము వానిదా, వాని కన్నవారిదా అని. ప్రభువు ఆ రెండును కాదనెను. అయితే అంతటితో ఆ కుటుంబమునకు విడుదల దొరకలేదు. అదే అధ్యాయములో కొంచెము క్రిందికి వచ్చినచో, అధికారులు ఆ తల్లిదండ్రులను పిలిపించి ప్రశ్నించినట్లును, వారు భయపడి జవాబును కుమారుని మీదికే నెట్టివేసినట్లును కనబడును. ఈ భాగమును మనము త్వరగా చదివి దాటిపోవుదుము. బిడ్డ యందు ఏదైన తేడా కనబడగానే కన్నవారిని బోనులో నిలువబెట్టు అలవాటు నాటిది. అది నేటికిని పోలేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు గ్రామ సంఘములలో తిరుగువారికి ఇట్టి బిడ్డలు తారసపడుచునే యుందురు. మూడేండ్లు వచ్చినను పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడడు. చెవుడా అనుకొందుమా, ప్రక్క గదిలో బిస్కెట్ల పొట్లము విప్పిన చప్పుడునకు పరుగెత్తి వచ్చును. కావలసినది వ్రేలితో చూపడు. తల్లి చేయి పట్టుకొని అక్కడికి లాగుకొని పోవును. బొమ్మ బండితో ఆడుకొనడు గాని, దాని చక్రమును గంటసేపు త్రిప్పుచు చూచుచుండును. ఆరాధనలో మైకు మ్రోగగానే రెండు చెవులు మూసికొని కేకలు పెట్టును. నాయనమ్మ మాత్రము, "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే మాటలొచ్చాయి, మగపిల్లలంతే" అని ధైర్యము చెప్పును. అట్లు ఒకటి రెండేండ్లు గడచిపోవును. ఈ స్థితికే వైద్యులు ఆటిజము అని పేరు పెట్టిరి. మన దేశములో 3,964 మంది పిల్లలను పరీక్షించి 2018లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధనలో మన హైదరాబాదు కూడ ఒక కేంద్రము. సుమారు నూరుగురిలో ఒకరికి ఈ స్థితి కలదని దానివలన తెలిసినది. కాబట్టి ఇది ఎక్కడో ఉన్న వింత కాదు.

నా యొద్దకు వచ్చిన ఒక తల్లి మాటయే ఈ వ్యాసమునకు కారణము. ఆ కుటుంబమువారు చెవి దుద్దులు కుదువబెట్టి పట్టణములో బిడ్డ తలకు ఎమ్.ఆర్.ఐ. తీయించిరి. అంతయు సరిగానే యున్నదని కాగితము వచ్చినది. సంతోషింపవలసిన మాటయే గదా! కాని ఇంటిలో దానిని చదివిన తీరు వేరు. మెదడులో లోపము లేనప్పుడు లోపము పెంపకములోనే యుండవలెనని అత్తగారు తీర్పు చెప్పెను. ఆమె నన్ను అడిగినది ఇది: "అయ్యగారూ, ఫోటోలో ఏమీ లేదన్నారు. అయితే తప్పు నాదేనా అండీ?"

నేను వైద్యుడను కాను. అయినను ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ముందు ఆ యంత్రము ఏమి చూడగలదో, ఏమి చూడలేదో విచారించుట న్యాయము.

మన శరీరమంతట నీరు కలదు. ఆ నీటిలో ఉదజని కణములు కలవు. బలమైన అయస్కాంతము వాటిని ఒక వరుసలో నిలుపును. రేడియో తరంగమును పంపి ఆపగా, అవి తిరిగి ఇచ్చు సంకేతములను యంత్రము గ్రహించి చిత్రముగా కూర్చును. ఇందులో ఎక్స్‌రే లేదు. ధ్వని మాత్రము మెండు. మరి ఆసుపత్రిలో ఆ చిత్రమును చూచు వైద్యుడు దేనిని వెదకును? గడ్డ కలదా, రక్తస్రావము కలదా, నీరు చేరినదా, పుట్టుకలో దెబ్బ తగిలినదా అని వెదకును. బిడ్డకు మూర్ఛలు వచ్చుచున్నను, వచ్చిన మాటలు పోవుచున్నను అట్టి పరీక్ష అవసరము కావచ్చును. అంతేగాని ఆటిజమును ఆ చిత్రము చూచి నిర్ణయించు వైద్యుడు నేడు ఎక్కడను లేడు. బిడ్డ నడవడిని చూచి, తల్లిదండ్రులను అడిగి నిర్ణయింతురు. ఆ తల్లి తెచ్చిన కాగితము "గడ్డ లేదు, గాయము లేదు" అని మాత్రమే చెప్పుచున్నది. ఆమె పెంపకమును గూర్చి అందులో ఒక్క అక్షరమును లేదు.

తల్లుల మీద ఈ నేరము మోపినది మన అత్తగార్లు మాత్రమే కాదు. చదువుకొన్నవారే మోపిరి. అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 1943లో పదునొకండుగురు పిల్లలను వర్ణించి ఈ స్థితిని లోకమునకు తెలిపెను. పుట్టుకతోనే వచ్చునదని ఆయన అప్పుడే వ్రాసెను గాని, ఆ తల్లిదండ్రులలో ఆప్యాయత తక్కువ అని కూడ వ్రాసెను. ఆ రెండవ మాటయే లోకమునకు రుచించినది. 1967లో చికాగో నగరములోని బ్రూనో బెటెల్‌హైమ్ దానినే పెద్ద గ్రంథముగా వ్రాసెను. ఎందరో తల్లులు తమ ప్రేమ చల్లబడినందుననే బిడ్డ మాటలాడలేదని నమ్మి కుమిలిపోయిరి. దీనికి ఎదురు నిలిచినవాడు బెర్నార్డ్ రిమ్‌లాండ్. అమెరికా నౌకాదళములో పనిచేయు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. తానును అట్టి కుమారుని తండ్రి. ఇది మెదడు నిర్మాణమునకు సంబంధించినదని 1964లోనే వ్రాసెను. 1969లో కానర్‌గారే తల్లిదండ్రుల సభలో నిలిచి, వారు నిర్దోషులని బహిరంగముగా చెప్పెను. 1977లో ఇంగ్లాండులో 21 కవల జంటలను పరీక్షించిరి. అచ్చముగా ఒకే పోలిక గల 11 జంటలలో నాలుగింటిలో ఇద్దరికిని ఆటిజము కనబడెను. మామూలు కవలల 10 జంటలలో ఒక్కదానిలోను అట్లు కనబడలేదు. అనగా ఇది చాలవరకు గర్భమునందే, వంశధాతువులలోనే మొదలగుచున్నది. టీకాల వలన వచ్చినదని 1998లో పన్నెండుగురు పిల్లలను చూపి వ్రాసిన వ్యాసమును కూడ, అది తప్పని తేలి, అచ్చువేసిన పత్రికయే 2010లో ఉపసంహరించుకొనెను. బిడ్డకు టీకా వేయించిన తల్లిని నిందించువారు ఈ సంగతి తెలిసికొనవలెను.

ఇక మెదడు చిత్రముల విషయము. ఇందులో శాస్త్రజ్ఞులు నడచిన త్రోవ తిన్ననిది కాదు. 1988లో ఎరిక్ కోర్షెన్ అను ఆయన చిన్న మెదడులో ఒక భాగము చిన్నదిగా నున్నదని ప్రకటించెను. తరువాత వెదకినవారిలో కొందరికి అది కనబడలేదు. మెదడు పనిచేయునప్పటి చిత్రములలో ఆటిజము గలవారి మెదడు భాగముల మధ్య సంబంధము వేరుగా నున్నదని పెక్కుమంది వ్రాసిరి. అయితే యంత్రములో తల మిల్లీమీటరు కంటె తక్కువ కదలినను అట్టి తేడా లేనిదే ఉన్నట్లు కనబడునని 2012లో తేలినది. నిలకడగా పండుకొనలేని బిడ్డ యొక్క కదలికనే మెదడు తేడాగా చదువుట ఎంత సులభమో చూడుడి. 2009లో అమెరికాలో కొందరు చచ్చిన చేపనే ఆ యంత్రములో పెట్టి, దానికి మనుష్యుల బొమ్మలు చూపిరి. లెక్కను సరిచూచుకొనకపోయినచో ఆ చేప ఆలోచించుచున్నట్లు చిత్రము వచ్చెను! నిజాంపట్నము రేవులో ఈ కథ చెప్పిన నవ్వుదురు. కాని తమ పని యందలి పొరపాటును తామే వెదకి బయటపెట్టిన ఆ శాస్త్రజ్ఞులను చూచి నేను సిగ్గుపడుచున్నాను. మనము చెప్పు సాక్ష్యములను ఆ విధముగా పరీక్షించుకొందుమా?

వీటన్నిటిలో గట్టిగా నిలిచిన పని ఒకటి 2017లో వచ్చినది. ఉత్తర కరోలినాలో హీథర్ హాజ్‌లెట్, జోసెఫ్ పివెన్ మొదలగువారు, అన్నకో అక్కకో ఆటిజము గల 106 మంది శిశువుల మెదడును ఆరవ నెలలో, పన్నెండవ నెలలో, ఇరువది నాలుగవ నెలలో చిత్రించిరి. మందు ఇచ్చి కాదు. నిద్రపుచ్చి మెల్లగా లోపల పరుండబెట్టిరి. తరువాత ఆటిజము కనబడిన శిశువులలో, ఆరు నుండి పన్నెండు నెలల మధ్యనే మెదడు పైపొర వైశాల్యము ఇతరుల కంటె వేగముగా పెరిగెను. రెండవ ఏట మెదడంతయు పెద్దదాయెను. ఏ లక్షణమును బయటపడక ముందే ఈ కొలతలతో లెక్కకట్టి, ఎవరికి రాగలదో చెప్పగా, పదిమందిలో ఎనమండుగురి విషయములో అది నిజమాయెను. ఆరు నెలల బిడ్డను ప్రేమ చాలక చెడగొట్టెనని ఏ తల్లిని అనగలము?

అయినను ఇది సగటుల మాట. తెనాలి మాగాణికిని మన లంక భూములకును దిగుబడిలో తేడా కలదని లెక్కలు చెప్పును. ఒక్క బస్తాను ముందుపెట్టి ఇది ఏ పొలముదో చెప్పుమనిన ఎవరు చెప్పగలరు? ఆ తల్లి బిడ్డ చిత్రము ఆ ఒక్క బస్తా వంటిది.

కొలుచు కుంచము ఎవరిదన్న ప్రశ్న ఇంకొకటి కలదు. చాలకాలము లోకములోని మెదడు చిత్రములను కెనడాలోని మాంట్రియల్ నగరములో సిద్ధపరచిన నమూనాతోనే సరిపోల్చుచుండిరి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామిగారి బృందము నూరుగురు భారతీయుల చిత్రములతో మన దేశపు నమూనాను చేసి 2019లో ప్రకటించెను. మనవారి మెదడు సగటున పొడవు, వెడల్పు, ఎత్తులలో పాశ్చాత్యుల దానికంటె కొంచెము చిన్నదని తేలినది. తెలివి తక్కువని దీని అర్థము కాదు. పరుల కుంచముతో కొలిచినప్పుడు ఏ రోగమును లేనివాడు కూడ తక్కువ తూగునని మాత్రమే అర్థము.

నన్ను అన్నిటికంటె ఎక్కువగా కలతపెట్టు ప్రశ్న వేరొకటి. రేపు ఈ పరీక్ష మన గుంటూరునకును వచ్చినదనుకొందము. ఆరు నెలల బిడ్డను చూపగా, రాగలదని చెప్పిరి. తెలిసికొనుట మేలేనా? మేలేయని చెప్పువారి వాదము బలమైనదే: మెదడు ఇంకను రూపుదిద్దుకొనుచున్న దినములలో చేసిన సహాయము లోతుగా నాటును. కాని కడుపులోని బిడ్డను చూపు యంత్రము వచ్చినప్పుడు మనము దానితో ఏమి చేసితిమి? ఆడబిడ్డయని తెలిసికొని తీసివేయించుకొనిరి గనుకనే 1994లో చట్టము చేయవలసి వచ్చినది; స్కానింగు గదుల గోడలమీద ఆ హెచ్చరిక నేటికిని వ్రేలాడుచున్నది. చూచు యంత్రము అప్పుడును మంచిదే. అందుచేత ముందుగా తెలిసికొనుటకు నేను విరోధిని కాను గాని, తెలిసిన మరునాడు ఆ తల్లికి చేయి అందించు మనిషి ఆ యూరిలో లేనప్పుడు తెలుపుట ఆమె మీద ఒక బరువును పెట్టి వెళ్లిపోవుటయే అందును.

ఆ చేయి అందించుటకు మాత్రము ఏ యంత్రమును రానక్కరలేదు. 2016లో గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో ఒక ప్రయత్నము చేసిరి. నిపుణులు కాని సామాన్య ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి, వారిచేత తల్లిదండ్రులకు నేర్పించిరి: బిడ్డ చూపు ఎటున్నదో అటు చూడుము, వాని ఆటలో నీవు చేరుము, వాడు చేసిన చప్పుడునకు జవాబు పలుకుము. బిడ్డలు తల్లిదండ్రులతో ఎక్కువగా పలుకరింపు సాగించిరి. మన అంగనవాడీ అక్కలు, బడి పంతులమ్మలు నేర్చుకొనలేనిది ఇందులో ఏమున్నది? సికింద్రాబాదులో 1984 నుండి బుద్ధి వికాసములో లోపము గలవారి కొరకు జాతీయ సంస్థ యొకటి పనిచేయుచున్నది. మన దేశపు పిల్లల కొరకు 40 అంశములతో పరీక్షాపత్రమును తయారుచేసినది అదే. రేపల్లెలో రైలెక్కినవారు అక్కడికి చేరగలరు. 2016 చట్టము ఆటిజమును అంగవైకల్యములలో చేర్చినది గనుక సదరము శిబిరములో ధ్రువపత్రము అడుగుటకు హక్కు కలదు. ఏడాది నిండినను పేరునకు పలుకని బిడ్డను, వ్రేలితో చూపని బిడ్డను కనిపెట్టి చూడుడి. నాయనమ్మ మాట నిజమే కావచ్చును; అయినను చూపించినందున నష్టము లేదు.

ప్రార్థన చేయుడి. నేనును చేయుదును. కాని దయ్యము పట్టినదని చెప్పి బిడ్డను కట్టివేయుట, పస్తు పెట్టుట, కొట్టుట ప్రార్థన కాదు. అట్టి చోటికి బిడ్డను తీసికొనిపోవుచున్న కుటుంబము మీకు తెలిసినచో అడ్డుపడుడి. ఆరాధనలో కేకలు వేసినందుకు తల్లీబిడ్డలను వెలుపలికి పంపుటకు ముందు, మైకు ధ్వనిని తగ్గించి చూడుడి. పది అడుగుల గదిలో కూర్చున్న నలువది మందికి అంత మ్రోత ఎందుకో నాకు ఎప్పుడును బోధపడలేదు.

ఆ తల్లికి, తప్పు నీది కాదమ్మా అని నేను చెప్పితిని. ఆమె నమ్మినట్లే కనబడెను. వెంటనే రెండవ ప్రశ్న అడిగెను: మా తరువాత వీడు ఎవరికి? మెదడును ఎన్ని వేలసార్లు చిత్రించినను దీనికి జవాబు రాదు. 1999లో చేసిన జాతీయ ట్రస్టు చట్టము క్రింద, పదునెనిమిదేండ్లు నిండిన ఇట్టి బిడ్డలకు సంరక్షకుని నియమించుమని జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండు సంఘమునకు దరఖాస్తు పెట్టవచ్చును. తల్లిదండ్రులు తమకు నమ్మకమైన మనిషి పేరును అందులో సూచింపవచ్చును. ఆ మనిషి రక్తసంబంధి కానక్కరలేదు. ఆమె కుమారునికి ఇప్పుడు ఆరేండ్లు. పేరు వ్రాయవలసిన ఆ గీత మీద ఎవరి పేరు వ్రాయుదుమని అడిగిన చేయెత్తువారు ఎవరో, వచ్చే పెద్దల సభలో అడుగదలచుకొన్నాను.