చూడని మగ్గానికి సాక్ష్యం

పోయిన ఏడాది శ్రావణమాసంలో ఒక పొద్దున ఫోన్ తెరిస్తే నా దుకాణం మూతపడి ఉంది. దుకాణమంటే చందుర్తిలో మా ఇంటి ముందరి అర్ర. అందులో ఒక బీరువా, తూకం మిషను, అట్టపెట్టెలు. అమ్మకమంతా ఆన్‌లైన్‌లోనే. మా మామ గుంటమగ్గం మీద నేసే తువ్వాళ్లు, పంచెలు, వాటితోపాటు సిరిసిల్లలో ఇంకా చేతిమగ్గం వదలని ఇద్దరు ముసలి నేతకారుల దగ్గర కొన్నవి, నాలుగేళ్లుగా అమ్ముతున్నాను. మీరు అమ్మిన తువ్వాలు అసలైన చేనేత కాదని ఫిర్యాదు వచ్చింది, అసలైనదని చూపే బిల్లులు పంపేదాకా అమ్మకం ఆపేశాం, మీకు రావలసిన డబ్బు కూడా ఆపేశాం అని నేను అమ్మే ఆన్‌లైన్ వేదికవాళ్లు రాశారు.

ఫిర్యాదుతోపాటు ఫొటో ఉంది. నీలం అంచు తువ్వాలు. అంచు ఒకచోట కొద్దిగా లోపలికి పోయింది. నడుమ ఒక పేక మందంగా కనిపిస్తోంది. ఇంత వంకరగా ఉన్న బట్టను చేనేత అని ఎట్లా అమ్ముతారు, ఇది డూప్లికేట్ అని రాశాడు కొన్నాయన. మామకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశాడు.

"ఇది నేను నేసిందే బిడ్డా. ఆ మందంగున్న కాడ కండె మార్చిన" అన్నాడు.

మామ కోడలికి బిల్లు రాస్తాడా? నూలు కొన్న రసీదు, మగ్గం ఫొటో, మామ నేస్తుండగా తీసిన వీడియో పంపాను. మూడుసార్లు అదే జవాబు అక్షరం మారకుండా తిరిగొచ్చింది. నాలుగోసారి నూలు రసీదులోని బరువుకు ఎన్ని తువ్వాళ్లు రావాలో, ఎన్ని అమ్మానో లెక్క కట్టి పంపాను. పంతొమ్మిదో రోజు దుకాణం తెరుచుకుంది.

ఆ పంతొమ్మిది రోజులూ కరీంనగర్‌లో ఎం.ఏ. చదివేటప్పుడు మా సారు చెప్పిన ఒక పాత తగాదా నన్ను వదల్లేదు. మనకు కలిగిన జ్ఞానం నిజమని ఎట్లా తెలుస్తుంది? కుమారిలభట్టు దారిలో నడిచిన మీమాంసకులు, జ్ఞానం దానంతటదే ప్రమాణం అన్నారు. దానికి అడ్డం వచ్చే మరో జ్ఞానం కలిగితేనో, అది పుట్టిన చోట దోషం కనబడితేనో తప్ప అనుమానించాల్సిన పని లేదన్నారు. నైయాయికులు ఒప్పుకోలేదు. నిజమని తేలాలంటే బయటి ఆధారం కావాలన్నారు. దూరంగా నీళ్లు కనిపించాయి, పోయి తాగితే దాహం తీరింది, అప్పుడు అవి నీళ్లని రూఢి అవుతుందన్నారు. నా దుకాణం మూసినవాళ్లకు ఈ పేర్లు తెలియకపోవచ్చు గానీ వాళ్లు పట్టింది న్యాయం దారి. నేను మనసులో పోట్లాడింది మీమాంసకుల పక్షాన. నా మాట మీద ఎందుకు నిలబడరు, దోషం చూపించకుండా ఎందుకు అనుమానిస్తారు అని.

అనుమానించినాయనను తిట్టుకున్నాను కూడా. ఇప్పుడు తిట్టుకోను. చేనేత పేరుతో ఎంత మోసం జరుగుతుందో మా ఇంట్లో తెలియనిది కాదు. కొన్ని రకాలను చేతిమగ్గానికే ఉంచాలని 1985లో పార్లమెంటు చట్టం చేసింది. ఇప్పుడా జాబితాలో 11 రకాలున్నాయి, తువ్వాలు అందులో ఒకటి. 2006లో చేనేత గుర్తు ముద్ర వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా ఇక్కత్ డిజైన్‌ను బట్ట మీద ప్రింటు కొట్టి ఇక్కతేనని అమ్మేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఇన్నిసార్లు మోసపోయిన మనిషి ఎవరినో ఒకరిని అనుమానించక ఏం చేస్తాడు?

దుకాణం తెరుచుకున్న రోజు సాయంత్రం మామకు ఒక పట్టుదల పుట్టింది. బీరువాలో ఉన్న సరుకంతా దింపమన్నాడు. మళ్లీ ఎవరూ మాట అనకుండా ఒక్కో తువ్వాలూ తనే చూసి పెడతానన్నాడు. గడప మీద కూర్చొని తువ్వాలును వెలుగుకు పట్టి, సూది మొనతో ఒక్కో పేక జరుపుతూ లెక్క పెట్టాడు. అంగుళానికి ఎన్ని పేకలు పడ్డాయో ఒక తువ్వాలు మీద నాలుగు చోట్ల చూశాడు. 46, 49, 44, 47. చెయ్యి కొట్టే దెబ్బ పొద్దున ఉన్నట్టు పొద్దుగూకేసరికి ఉండదు. ఆకలైనప్పుడొక తీరు, ఎవరో వచ్చి పలకరించినప్పుడొక తీరు. అంచుల వెంట అక్కడక్కడా సన్నటి చిల్లులు కనిపించాయి. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా పెట్టే బద్ద ములుకులు గుచ్చుకున్న గుర్తులవి.

ఏడో తువ్వాలు దగ్గర ఆగిపోయాడు. 48, 48, 48, 48. తిప్పి పెట్టి మళ్లీ లెక్కబెట్టాడు. అంచు గీత గీసినట్టు ఉంది.

"ఇది సాంచె మీద దిగింది" అన్నాడు మెల్లగా. సాంచె అంటే మరమగ్గం.

ఆ తువ్వాలు సిరిసిల్ల నేతకారుల్లో ఒకరైన కాక దగ్గర తెచ్చిన నలభైలోది. ఆ నలభైలో మిగిలినవాటిని విడదీస్తే ఏడు సాంచె బట్టలు తేలాయి. మొత్తం పద్దెనిమిది కలిపానని తర్వాత కాకే చెప్పాడు, అంటే అప్పటికే అమ్ముడుపోయిన పదకొండూ అవే. ఆ పదకొండింట్లో నాలుగింటికి అయిదేసి చుక్కలొచ్చాయి. ఎంత నున్నగా ఉందో, అసలైన చేనేత అంటే ఇదీ అని ఒకామె రాసింది. చేత్తో నేసిన తువ్వాలు నకిలీ అనిపించుకుంది. సాంచె తువ్వాలు అసలుగా చలామణి అయింది.

నీళ్లు తాగితే దాహం తీరడాన్నే రుజువుగా పట్టుకున్న ఆచార్యులు ఇక్కడ నన్ను ఆదుకోలేదు. సాంచె తువ్వాలు కూడా ఒళ్లు తుడుస్తుంది, తడి పీలుస్తుంది, ఉతికితే నిలుస్తుంది. పనిలో పెట్టి చూస్తే రెండూ నెగ్గుతాయి. చేనేత అనే మాట ఆ బట్ట చేసే పని గురించి కాదు, అది పుట్టిన తీరు గురించి. పుట్టుకను కొనేవాళ్లు కళ్లతో చూడలేరు, వాడి తేల్చుకోలేరు. వాళ్లకు మిగిలేది ఒక్కటే ప్రమాణం, శబ్దం. అంటే నమ్మదగిన మనిషి చెప్పిన మాట. ఆ మనిషిని ఆప్తుడు అన్నారు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడికి పెట్టిన గుర్తులు చాలా సాదా. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టు చెప్పాలనే కోరిక ఉండాలి. రుషి అయినా మ్లేచ్ఛుడు అయినా ఇదే లక్షణం అన్నాడాయన. చందుర్తిలో తువ్వాళ్లు అమ్మే ఆడమనిషికీ అదే వర్తిస్తుందని నేను నమ్ముతాను.

ఆ రెండింట్లో రెండోది నాకుంది. మొదటిది లేదు. కాక నేస్తుండగా నేను చూడలేదు. ఆరు నెలల కింద చూశాను, ఆ నమ్మకం మీద ఈ నలభైకీ పూచీ పడ్డాను. నేను అబద్ధం చెప్పానని నా మనసు ఒప్పుకోదు. కానీ చూడనిదాన్ని చూసినట్టు చెప్పాను. పంతొమ్మిది రోజులు నా మాట మీద నమ్మకం ఉంచాలని పోట్లాడిన మాటే అది.

కాక దగ్గరికి పోతే దాచలేదు. కంటికి ఆపరేషన్ అయింది, నెలరోజులు మగ్గం గుంటలో దిగలేకపోయాడు. "నీకు మాటొస్తదని భయపడి కొన్ని బయట తెచ్చి కలిపిన బిడ్డా. నీలమంచు ఒకే తీరుగ ఉన్నది గదా అనుకున్న" అన్నాడు. ఆయన చెయ్యి వణుకుతోంది. నేనేమీ అనలేకపోయాను. సాంచె బట్టను నేను చిన్నచూపు చూడను. సిరిసిల్ల ఊరంతా ఆ చప్పుడు మీదే అన్నం తింటోంది. రాత్రి పాళీ నిలబడి సాంచాలు నడిపే మనిషి చెమట నకిలీ ఎట్లా అవుతుంది? దాన్ని సాంచె తువ్వాలని అమ్మితే అది నిఖార్సయిన సరుకే.

పేరు సంగతే చూడండి. మేడారం జాతరకు పోయేముందు మా వైపు జనం వేములవాడ రాజన్నను మొక్కుకొని పోతారు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం సమర్పిస్తారు. ఆ బంగారం బెల్లం. ఇన్ని లక్షల మందిలో ఇది బంగారం కాదని ఫిర్యాదు చేసినవాళ్లు లేరు. ఇచ్చేవాళ్లకూ తల్లులకూ నడుమ ఆ పేరుకు అర్థం ఒక్కటే. నా తువ్వాలు విషయంలో ఆ ఒక్కటీ లేదు. చేనేత అన్నప్పుడు నా మనసులో ఒకటుంది, పెట్టెలో మరొకటి పోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ పదకొండు మందీ ఫిర్యాదు చెయ్యలేదు. సంతోషంగా ఉన్నారు. నకిలీ సరుకును గానీ, చెప్పిన గుణం లేని సరుకును గానీ వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. వెనక్కి తీసుకొమ్మని అడిగినవాళ్లుంటే కదా తీసుకోవడం! నష్టపోయినట్టు తెలియని మనిషికి నష్టం జరిగినట్టా?

దీనికి జవాబు నాకు మా పక్కనే దొరికింది. వేములవాడ చాళుక్యుల కాలంలో ఈ నేల మీద జైనం గట్టిగా ఉండేది. కన్నడ కవి పంపడు ఆ వంశపు రాజు అరికేసరి కొలువులో ఉన్నాడు. పంపడి తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గరి కుర్క్యాల బొమ్మలగుట్ట మీద చెక్కించిన శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. జైనులు చదువుకునే గ్రంథాల్లో ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఒకటి. గృహస్థులు తమ వ్రతాల్లో ఎక్కడెక్కడ జారిపోతారో అందులో వరసగా చెప్పాడు. ఒకదాని పేరు ప్రతిరూపక వ్యవహారం. అసలులాంటి నకిలీతో వ్యాపారం చేయడం. దాన్ని ఆయన సత్యవ్రతం కింద పెట్టలేదు. అస్తేయం కింద, దొంగ సొమ్ము కొనడం, తప్పుడు తూకాలు వేయడం పక్కన పెట్టాడు. అంటే అది అబద్ధం కాదు, దొంగతనం.

ఎందుకు అట్లా పెట్టాడో ఆ రాత్రి నాకు అర్థమైంది. అబద్ధానికి వినే మనిషి కావాలి. దొంగతనానికి అక్కర్లేదు. ఇంటాయన నిద్రపోతున్నా పెట్టెలోంచి పోయింది పోయినట్టే. ఆ పదకొండు మంది నిద్రలో ఉన్నారు. చేనేతకూ సాంచె బట్టకూ నడుమ ధర తేడా తువ్వాలుకు 180 రూపాయలు. ఆ డబ్బు నా దగ్గరుంది. కౌటిల్యుడు కూడా నూలు, నార, ఉన్ని సరుకుల్లో నాసిరకాన్ని మేలురకమని అమ్మితే విలువకు ఎనిమిది రెట్లు జరిమానా వేయమన్నాడు. ఆయన రాజు వైపు నుంచి చెప్పాడు. నాకు ఉమాస్వాతి లెక్కే దగ్గరగా అనిపించింది.

పదకొండు మందికీ సందేశాలు పంపాను. జరిగింది జరిగినట్టు రాసి, పూర్తి డబ్బు తిరిగిస్తానన్నాను. భివండి నుంచి ఒకామె ఫోన్ చేసింది. అసలైన చేనేత అంటే ఇదీ అని రాసిన ఆమే. వాళ్ల నాయన సిరిసిల్ల నుంచి బతకపోయిన పద్మశాలి.

"చెప్పకపోతే నాకేం తెలుసమ్మా? మా నాయన చేతి బట్టలెక్కనే ఉన్నదని రోజూ భుజం మీద ఏసుకుంటున్న. ఇప్పుడు ముట్టబుద్ధి అయితలేదు" అంది. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. చెప్పి ఆమె సుఖం తీసేశానా అని నాకు బాధ కలిగింది, ఇప్పటికీ ఉంది. కానీ ఆమె మురిసిపోయింది నాయన చెయ్యిని తలుచుకొని. ఆ చెయ్యి ఆ బట్టలో లేదు. నాకు తెలిసీ ఆమెను అట్లా మురవనిస్తే ఆమె నాయన మీద కూడా అబద్ధం ఆడినట్టే. మామ నేసింది ఒకటి పంపాను, మందంగా పడ్డ పేక ఎక్కడుందో చీటీ రాసి.

ఇప్పుడు ప్రతి తువ్వాలుతోపాటు అట్లాంటి చీటీ ఒకటి పోతుంది. నేసినవాళ్లెవరు, ఏ వారం నేశారు, నేస్తుండగా నేను చూశానా లేదా. చూడకపోతే చూడలేదనే రాస్తున్నాను. సాంచె తువ్వాళ్లు వేరే పేజీలో, వాటి పేరుతో, వాటి ధరకు ఉన్నాయి.

తొమ్మిది మందికి డబ్బు చేరింది. ఇద్దరు సందేశానికి పలకలేదు, వాళ్ల ఫోన్ నంబర్లు ఆ వేదిక నాకు ఇవ్వదు. పోయిన ఏడాది జ్యేష్ఠ, ఆషాఢ మాసాల్లో చందుర్తి నుంచి నీలం అంచు తువ్వాలు తెప్పించుకున్నవాళ్లు మీలో ఉంటే, దాన్ని ఒకసారి వెలుగుకు పట్టి అంచు వెంట చూడండి. గీత గీసినట్టు ఉంటే, ఆర్డరు కిందనే నాకు ఒక మాట రాయండి. మీ డబ్బు విడిగా తీసి పెట్టాను.