ఉప్పు తగ్గిందని ఎవరు చెప్పాలి?

మన ఇళ్ళల్లో ఎవరూ రాసిపెట్టని న్యాయం ఒకటుంది, గమనించారా? ఇల్లాలు వండినదానికి ఎవరైనా వంక పెట్టొచ్చు. పులుసులో ఉప్పు రవ్వంత తగ్గితే మొదటి ముద్దకే తీర్పు వచ్చేస్తుంది. అదే వేలు పోసి హోటల్లో తిన్నప్పుడు మాత్రం, పళ్ళెంలో ఏం పడేసినా ఎవరూ నోరెత్తరు. డబ్బిచ్చిన చోట అడిగే హక్కుండీ అడగం. ఇది మర్యాదంటారా, భయమంటారా?

గణపవరం నుంచి మా అక్కయ్యా బావగారూ హైదరాబాదు వచ్చారు. వాళ్ళబ్బాయికి కొత్త ఉద్యోగం. మొదటి జీతంతో మమ్మల్నందర్నీ ఓ ఫ్యూజన్ హోటలుకి తీసుకెళ్ళాడు. పేరెందుకు లెండి. మెనూ కార్డులో "కొల్లేరు కొరమీను పులుసు" అని చూడగానే అక్కయ్య మొహం విప్పారింది.

తీరా వచ్చిందేమిటంటే, చేటంత పళ్ళెం మధ్య అగ్గిపెట్టెంత ముక్క. ముల్లు లేదు, తోలు లేదు. పైన తెల్లటి నురగ. చింతపండు నురగట! పక్కన వేలెడంత పెసరట్టు, లోపల ఛీజు. ఏది సరస్సు చేపో, ఏది చెరువులో పెంచిన చేపో అక్కయ్య ముట్టుకుని చెప్పగలదు. ఆ నురగ కింద ఆవిడకీ అంతుపట్టలేదు. ఉప్పూ పులుపూ లేవు సరికదా, కారం జాడే లేదు.

ఇంట్లో చారు పొగలు కక్కకపోతే కంచం పక్కకి నెట్టే బావగారు, "ఊఁ, వెరైటీగా ఉంది" అన్నారు. అక్కయ్య సర్వరుని పిలిచి, "బాబూ, ఇందులో ఉప్పు మరిచిపోయినట్టున్నారు" అంది, పక్కింటావిడతో చెప్పినంత మెల్లిగా. అతను ఇంగ్లీషులో నవ్వి, "అది మా చెఫ్ స్టైలండీ" అన్నాడు. టేబిలు కింద బావగారు ఆవిడ కాలు తొక్కారు.

మావాడికి చిన్నతనం అనిపించినట్టుంది. "ఇక్కడ పాతదీ కొత్తదీ కలిపి చేస్తారమ్మా. నీకు అలవాటు లేదంతే."

అక్కడే నాకు పేచీ. కలపడం మనకి అలవాటు లేదా? చేపల పులుసుకి ప్రాణమైన మిరపకాయ అసలీ దేశానిదే కాదు. అమెరికా ఖండంలో పుట్టి పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి వచ్చింది. వాస్కోడగామా కాలికట్టులో దిగింది 1498లో. అన్నమయ్య పోయింది 1503లో. అంటే, స్వామికి అన్ని పాటలు కట్టిన ఆ మహానుభావుడు మిరపకాయ కారం ఎరిగి ఉండడు. కావలిస్తే తద్దినం వంట తలుచుకోండి. ఆచారం పాటించే ఇళ్ళల్లో ఇప్పటికీ ఆవేళ మిరపకాయ పడదు, మిరియాలే. పితృదేవతలకి పాత వంట, మనకి కొత్త వంట! బంగాళాదుంప, టమాటా, వేరుశెనగ, ఆఖరికి పెరట్లో జామకాయ కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే.

కాబట్టి కలిపినందుకు నేను తప్పుపట్టను. మొదటిసారి పులుసులో మిరపకాయ వేసిన అమ్మమ్మ ఎవరో గానీ, ఆ పూట ఇంటిల్లిపాదీ నోరు మండి ఆవిడ మీద విరుచుకుపడి ఉంటారు. మర్నాడు సగమే వేసి ఉంటుంది. అలా మాటలు పడి పడి కుదిరిన పులుసది. పాపం ఆ నురగకి ఆ యోగం లేదు. బిల్లు కట్టి నవ్వుతూ లేచిపోయేవాళ్ళే అందరూ అయితే ఆ వంటవాడికి ఎలా తెలుస్తుంది?

అయితే బావగారి వంకలూ న్యాయమేనా అని మీరడగొచ్చు. కంచం నెట్టేస్తే తెలిసేది కోపం ఒక్కటే. ఏం తగ్గిందో తెలియదు. పైగా ఆ నెట్టినచోట తిరిగి జవాబు చెప్పే వీలు ఉండదు.

కారులో మావాడు ఉండబట్టలేక అడిగాడు, "నిజం చెప్పమ్మా, బాగుందా?"

నాకు గుండె గుబేలుమంది. మొదటి జీతం, సరదాపడి పెట్టిన భోజనం.

"నువ్వు తీసుకెళ్ళడం బాగుందిరా. చేప బాగాలేదు" అంది అక్కయ్య.

వాడు కాసేపు బిగుసుకుపోయాడు. తరవాత, "ఉప్పేనా, ఇంకేమైనానా?" అన్నాడు.

"కొరమీనుకి ఉండేదే ఒక్క నడిముల్లు. దాన్నెందుకు తియ్యడం?" అని మొదలెట్టి, ఇల్లు చేరేదాకా పులుసు గురించే చెప్పింది. చింతపండు ఎంత, ఎప్పుడు పొయ్యి తగ్గించాలి, రాత్రి వండి తెల్లారి ఎందుకు తినాలి... ముప్ఫై ఏళ్ళుగా తింటున్న ఆ పులుసు ఎలా చేస్తారో బావగారు కూడా అదే మొదటిసారి వినడమనుకుంటాను.