కాలితో రాస్తే అపచారమా?

పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే సంప్రదాయం మనది. మరి కంప్యూటర్‌కు యూఎస్‌బీ ఫుట్ పెడల్ తగిలించి అక్షరాలను కాలితో నడిపించడం సరస్వతికి అపచారమా? కాదనే నా వాదన. కంప్యూటర్ ఈ పెడళ్లలో చాలావాటిని కీబోర్డుగానే గుర్తిస్తుంది. పెడల్‌కు ఒక కీని కేటాయించాక, నొక్కింది పాదమా వేలా అన్న తేడా కంప్యూటర్‌కు లేదు. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకున్న మనిషికి షిఫ్ట్, కంట్రోల్ కీలు పాదం కిందికి దిగితే రాత మళ్లీ సాగుతుంది. ఆ రాతలో తక్కువతనం ఎక్కడుంది? గుంట మగ్గం చూడండి: నేతగాడు కాళ్లతో చెక్కలు తొక్కితేనే పడుగు దారాలు విడిపడి నాడెకు దారి దొరుకుతుంది. ఆ బట్టనే దేవుడికి కడతాం.

పాదం నీచమని శాస్త్రమే చెప్పింది కదా అనవచ్చు. పురుషసూక్తం శూద్రుణ్ణి పాదాల నుంచి పుట్టించిన మాట నిజం. ఆ మాట పట్టుకుని తరతరాలుగా మనుషుల్ని అణచిపెట్టిన మాటా నిజమే. అదే సూక్తం భూమి కూడా ఆ పాదాల నుంచే పుట్టిందంటుంది. భూమిని తల్లీ అని మొక్కుతూ పాదాన్ని నీచమనడం ఎలా కుదురుతుంది? ఇక మర్యాద సంగతి. పుస్తకాన్ని తన్నడంలో నిర్లక్ష్యం ఉంది, అది తప్పే. పెడల్ నొక్కే పాదంలో ఉన్నది శ్రద్ధ. చేతులు లేనివారు కాలివేళ్లతో కలం పట్టి పరీక్ష రాస్తే మనసారా మెచ్చుకుంటాం. ఆ మెప్పు నిజమైతే పెడల్‌కు వేరే నియమం పెట్టలేం.