పాలకుల దాసోహము: వృద్ధులకు నీడ



పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవి కథ చెప్పెను. శివునకు తల్లి లేదని ఆ ముగ్ధభక్తురాలు వగచెను. తల్లియే యున్నచో బిడ్డను విషము త్రాగనిచ్చునా, తిరిపమెత్తనిచ్చునా యని తలపోసి, తానే తల్లియై పరమేశ్వరుని పసిబిడ్డవలె సాకెను. తల్లిలేని దేవునికై కన్నీరు కార్చిన సంప్రదాయమిది. అట్టి సంప్రదాయమున బిడ్డలుండియు నీడలేని తల్లులుండుట తగునా?

పలమనేరు, పుంగనూరు, కుప్పము, మదనపల్లె సీమలు కన్నడదేశమునకు చేరువ. పడుచువారు బ్రతుకుతెరువునకై బెంగుళూరు చేరుచున్నారు. ముసలివారు ఊరిలో మిగులుచున్నారు. పాత ఇల్లు కూలినచో బాడుగ గదియే గతి. 2024 జూలై నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వృద్ధులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇచ్చుచున్నది. అది మెచ్చదగినదే. కాని బియ్యము, మందులు, బాడుగ అన్నియు అందులోనే గడువవలెను. గృహనిర్మాణ పథకములలో సాయము కట్టడము సాగినకొలది విడతలుగా అందును. ఇసుక తోలించి, మేస్త్రీ వెంట తిరిగి, పునాది లేపుటకు డెబ్బది యేండ్ల ఒంటరి వితంతువునకు శక్తి యెక్కడిది?

అన్నదాసోహము చాలదా యని కొందరందురు. ఒక పూట అన్నము పెట్టినవాడు ధన్యుడే. తిన్నవారు రాత్రి ఎక్కడ తల వాల్తురు? దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించెను. ఆ దేవాలయము జీర్ణించు వేళ దానిని వానకు విడుచుట శివాపచారము కాదా?

12వ శతాబ్దమున కల్యాణనగరమున బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమును నిర్వహించెను. జంగమార్చనకు రాజధనము వ్యయమగుచున్నదని కొండెగాండ్రు చెప్పగా, లెక్క చూపి, ధనము తరుగలేదని నిరూపించెనని పురాణకథ. బొక్కసము చేతనున్నవాడు దాసోహమునకును బాధ్యుడు, లెక్కకును బాధ్యుడు అనునదే ఇందలి నీతి.

నేడు బొక్కసము తాళము శాసనసభ చేతనున్నది. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టపు 19వ సెక్షను, జిల్లాకు కనీసము ఒక వృద్ధాశ్రమము, అందు కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు వసతి అని చెప్పుచున్నది. అయితే రాష్ట్రము "స్థాపింపవచ్చును" అన్నదే కాని "స్థాపింపవలెను" అనలేదు. ఆ "వచ్చును"ను "వలెను"గా మార్చునది ఆయవ్యయ పట్టికలోని నిధి యొక్కటియే. పైగా జిల్లాకంతటికి ఒక్క ఆశ్రమమైనచో, తెలిసిన ముఖములను, నిత్యము దర్శించు గుడిని విడిచి వృద్ధుడు దూరమునకు పోవలసివచ్చును. అది నీడయే కాని ఇల్లు కాదు.

కావున ప్రతి పట్టణమునందును ప్రభుత్వాసుపత్రికి చేరువగా, మెట్లు లేని ఒంటిగది ఇండ్లు, పింఛనుకు తగిన స్వల్పమైన బాడుగకు ఏర్పరుపవలెనని శాసనసభ్యులను శరణులు కోరవలెను. కట్టుటకే కాక, ఏటేట మరమ్మతులకును నిధి నిర్ణయింపవలెను. లెక్కలు బహిరంగముగా ఉంచవలెను. స్థలమున్న మఠములు స్థలమీయవలెను; ఓపికగల వృద్ధులకు విభూతి యుండలు చేయుట, పూలు కట్టుట వంటి కాయకము చూపవలెను.

ఈ విన్నపము మోసికొనిపోవువాడు ముందుగా తన యింటి వసారాను చూచుకొనవలెను. అచ్చట కన్నతల్లి చలికి ముడుచుకొని యున్నచో, అతని సంతకమునకు విలువ లేదు.