కడలి మేర

సృష్టిని జూపి స్రష్టను దెలుపుట క్రైస్తవ గృహములందు బాలశిక్షకు మొదటి మెట్టు. సముద్రమునకు దేవుఁడు మేర నియమించెనని యోబు గ్రంథము చెప్పును. కాని కాకినాడ చేరువనున్న ఉప్పాడలోని బాలుఁడు తన యూరి యిండ్లు కడలిపాలగుట కన్నులారఁ జూచుచున్నాఁడు. ఆ మేర యెచ్చటనున్నదని వాఁడడిగినచో మనమేమందుము?

పాపమునకు శిక్షయనుట సులభమే. కాని యది యిల్లు పోయినవానిపై నింద మోపుట. అడుగవలదనుట వాని బుద్ధిని నొక్కివేయుట. కెరటములు ఏఁటిలో హెచ్చుకాలము ఒడ్డు వెంబడి యిసుకను ఉత్తరముగా నడపును. ఆ నడకకుఁ గట్టడములడ్డుపడినను, ఆనకట్టలు నదుల యొండ్రును నిలిపినను, కోసికొనిపోయిన యిసుకకు బదులు రాదు, తీరము తఱుగును. ఇది వానికి ముందు తెలియవలెను.

దైవభక్తుఁడైన ఆర్థరు కాటను గోదావరి నడకను శ్రద్ధతోఁ బరిశీలించియే 1852లో ధవళేశ్వరపుటానకట్టను ముగించెను. డెల్టాకు అన్నము పెట్టిన యట్టి కట్టడములే యొండ్రును నిలుపుననుటయుఁ బిల్లలకుఁ దాఁపరాదు.

ప్రకృతిశాస్త్రము దేవుని ఋజువుపఱచునని మేమనము. అది సత్యమునకు వెఱవని మనస్సునిచ్చును. అట్టి మనస్సున నిలువలేని విశ్వాసము బిడ్డ పెరిగినంతనే జాఱిపోవును. ఇల్లేల పడెనో శాస్త్రము చెప్పును. ఇల్లు లేనివానికిఁ దలుపు తీయుమని విశ్వాసము చెప్పవలెను. తల్లిదండ్రులు రెండును నేర్పుదురుగాక.