ఊరికే కూర్చున్న ఆరు సెకన్లు

1914లో విన్సర్ మెకే అనే అమెరికన్ పత్రికా చిత్రకారుడు ‘గెర్టీ’ అనే డైనోసార్‌ను వేల కాగితాల మీద గీసి తెర మీద నడిపించాడు. పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకలు ఇంకా వాడుకలోకి రాని కాలం. జంతువు కదిలితే చాలదు, వెనకున్న కొండల్నీ చెరువునీ కూడా ప్రతి కాగితం మీదా మళ్లీ గీయాల్సిందే. ఆ పనికి జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే కుర్రాడు సాయం పట్టాడు. అందుకే ఆ సినిమాలో రాళ్లు కూడా సన్నగా వణుకుతుంటాయి. గెర్టీ చెరువంతా తాగేయడం, కోప్పడితే ఏడవడం అందరికీ గుర్తుంటాయి. నాకు మాత్రం అది ఊపిరి తీసే తీరు గుర్తుంటుంది. ఆ జంతువు పొట్ట ఎంతసేపట్లో పొంగి ఎంతసేపట్లో దిగాలో తెలుసుకోవడానికి మెకే తన ఊపిరినే గడియారం పెట్టి కొలుచుకున్నాడు.

నేనిప్పుడు ఇరవై సెకన్ల బొమ్మల సినిమా ఒకటి గీస్తున్నాను. మా అమ్మమ్మలాంటి ఒక ముసలావిడ అరుగు మీద కూర్చుని ఉంటుంది. వీధిలోంచి ఎవరో పిలుస్తారు. లేస్తుంది. అంతే కథ. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా కన్ను ఒప్పుకుంటుంది కనక సెకనుకు 12 బొమ్మలు, మొత్తం 240. అడుగున దీపం వెలిగే పలక మీద కాగితం పరిచి, కింది బొమ్మ లీలగా కనిపిస్తుండగా, వెంట్రుకవాసి తేడాతో పై బొమ్మ గీయాలి. వేళ్ల సందుల్లో నాలుగైదు కాగితాలు ఇరికించుకుని టపటపా తిప్పి చూసుకోవాలి.

లేవడం గీయడానికి దారి ఉంది. కూర్చున్న భంగిమ, నిలబడ్డ భంగిమ, ఒంటి బరువంతా మోకాలి మీది అరచేతిలోకి దిగిన క్షణం, ఈ మూడూ ముందు గీస్తాం. తర్వాత మధ్య బొమ్మలు నింపుతాం. వాటి ఎడాలు సమానంగా ఉంటే ఆవిడ యంత్రంలా లేస్తుంది. మొదట దగ్గరదగ్గరగా, నడుమ ఎడంగా, చివర మళ్లీ దగ్గరగా పడితే ఆ దేహానికి బరువు వస్తుంది. అంటే బరువు ఏ బొమ్మలోనూ లేదు, బొమ్మకూ బొమ్మకూ మధ్య వదిలిన జాగాలో ఉంది. కెనడాలో దశాబ్దాల పాటు ఈ పనే చేసిన నార్మన్ మెక్‌లారెన్ ఈ కళంతా ఫ్రేముల నడుమే ఉందని గట్టిగా నమ్మాడు. ఒక్కోసారి ఒక బొమ్మ విడిగా ఎంతో అందంగా కుదురుతుంది. వరసలో పెట్టి తిప్పితే కదలిక అక్కడ తట్టుకుంటుంది. దాన్ని తీసేయాల్సిందే. ఏ క్షణమూ తానొక్కటే నిలిచి మెరవకూడదనే ఈ నియమం నాకెంతో ఇష్టం.

కానీ ఎక్కువ కాలం నన్ను పట్టి ఉంచింది లేవడం కాదు, అంతకుముందు ఆవిడ ఊరికే కూర్చున్న ఆరు సెకన్లు. ఒకే బొమ్మను అంతసేపు నిలిపితే చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది, అక్కడ మనిషి లేదని. కెమెరా ముందు కదలకుండా కూర్చున్న నటికి ఆ ఇబ్బంది లేదు. ఆవిడ రెప్పా ఊపిరీ అడక్కుండానే తమ పని చేసుకుపోతుంటాయి. గీసిన మనిషి నిశ్చలంగా ఉండాలన్నా ఎవరో ఒకరు కూర్చుని గీయాలి. అదే బొమ్మను, అదే చోట, మళ్లీ మళ్లీ. చేయి ఎంత కుదురుగా ఉన్నా గీత కొద్దిగా జరుగుతుంది, తెర మీద అలలాడుతుంది. పెద్ద స్టూడియోలు చాలాకాలం దాన్ని దోషంగానే చూశాయి. నాకు మాత్రం ఎవరో ఆ మనిషిని క్షణక్షణం బతికించుకుంటున్న గుర్తుగా కనిపిస్తుంది.

అమ్మమ్మ మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుంటే ఆవిడ ఏమీ చేయడం లేదనే ఇంట్లో అందరం అనుకునేవాళ్లం. ఇప్పుడు గీయడానికి ఒక్కొక్కటే తలుచుకుంటుంటే ఆ కూర్చోవడంలో ఎంత పని ఉందో తెలుస్తోంది. బొటనవేలు కొంగు అంచును రాస్తూ ఉండేది. ఒక తుంటి మీంచి రెండో తుంటి మీదికి బరువు మారేది. ఊపిరి వదిలేటప్పుడు భుజాలు, ఎక్కిన దానికన్నా నెమ్మదిగా దిగేవి. ఇవేవీ ఆ రోజుల్లో నేను చూస్తున్నాననుకుని చూసినవి కావు. ఎక్కడ దాగాయో తెలియదు గానీ, పెన్సిల్ పట్టుకుంటే వస్తున్నాయి. ఒక మనిషి ఊరికే ఉండటాన్ని ఇంత దగ్గరగా చూసే పని మరొకటి నాకు దొరకలేదు.

ఇక పిలుపు విన్నాక చేయి మోకాలి మీదికి వెళ్లే లోపు ఎంత ఆగాలి? 8 ఫ్రేములైతే ఎవరో వస్తారని ఎదురుచూస్తున్న మనిషి. 30 అయితే చెవి సరిగా వినపడని మనిషి. 18 దగ్గర మాత్రం పిలుపు విని, గొంతు గుర్తుపట్టి, లేవాలా వద్దా అని ఒక్క క్షణం తనలో తాను తేల్చుకున్న మనిషి కనిపిస్తోంది. 18కే ఖాయం చేశాను. అంటే తొమ్మిది బొమ్మలు. వాటిలో ఆవిడ చూపు ముందు వీధి వైపు తిరగాలా, నేల వైపు దిగాలా అన్నది ఇవాళ తేల్చాలి.